చలిమంటయొద్ద దయ్యపు కథ

చదువవలసిన భాగము: లూకా 16:19–31

డిసెంబరు మాసమున ఇంగ్లండు దేశములో పగలు ఇంచుమించు ఎనిమిది గంటలే. లండనులో నాలుగు కాకముందే ప్రొద్దు గ్రుంకును. పూర్వము ఆ దీర్ఘరాత్రులలో జనులు నెగడి చుట్టు చేరి దయ్యపు కథలు చెప్పుకొనెడివారు. ఈ అలవాటు క్రిస్మస్ పండుగను కూడ అంటుకొనెను. 1905 నుండి 1918 వరకు కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజికి అధిపతిగా నుండిన ఎం. ఆర్. జేమ్స్ గారు పాదిరిగారి కుమారుడు, ప్రాచీన వ్రాతప్రతులలో గొప్ప పండితుడు. అట్టివాడు క్రిస్మస్ ముందటి రాత్రి స్నేహితులను కూర్చుండబెట్టి, కొవ్వొత్తి వెలుగులో తాను వ్రాసిన దయ్యపు కథ చదివి వినిపించెడివాడు. భయపడుటలో కూడ మనుష్యునికొక వేడుక కలదు కాబోలు! చలిమంట కాగుచు చింతచెట్టు దయ్యమును గూర్చి చెప్పుకొనిన మనకిది వింత కాదు.

అట్టి కథలలో మిక్కిలి ప్రసిద్ధమైనది చార్లెస్ డికెన్స్ వ్రాసిన ‘క్రిస్మస్ కరోల్’. అది 1843 డిసెంబరు 19న వెలువడెను. స్క్రూజి అను పిసినారియొద్దకు, ఏడేండ్ల క్రిందట చనిపోయిన వ్యాపార భాగస్థుడు మార్లీ వచ్చును. అతని నడుమున గొలుసు. అది దేనితో చేయబడినదో చూడుడి: డబ్బుపెట్టెలు, తాళపుచెవులు, తాళపుకప్పలు, లెక్కల పుస్తకములు, దస్తావేజులు. బ్రదికియుండగా బీదలను కన్నెత్తి చూడనైతినని ఆ దయ్యము అంగలార్చును. దాని వెనుక మరి మూడు ఆత్మలు వచ్చును. తెల్లవారుసరికి స్క్రూజి మారిపోవును, గుమాస్తాకు జీతము పెంచును.

ఇప్పుడు మన పాఠము తెరువుడి. ఇచ్చటను ఒక ధనవంతుడు చనిపోయిన పిమ్మటనే కన్నులు తెరచెను. తన అయిదుగురు సహోదరులను హెచ్చరించుటకు లాజరును పంపుమని వేడుకొనెను. అనగా మార్లీవంటి వానినే అడిగెను. అబ్రాహాము ఒప్పుకొనలేదు. మోషేయు ప్రవక్తలును చెప్పినది వారియొద్ద ఉన్నది, దానిని విననివారు మృతుడు లేచివచ్చినను నమ్మరనెను. డికెన్స్ గారి కథ ఎంత మంచిదైనను ఈ చోట ప్రభువు చెప్పిన కథతో ఏకీభవింపదు. నాకైతే ప్రభువు మాటయే మనుష్య స్వభావమునకు సరిపోవునట్లు తోచుచున్నది. రాత్రి దయ్యమునకు జడిసినవాడు తెల్లవారగానే తనలో తాను నవ్వుకొనును గదా!

మరియొక సంగతి గమనింపుడి. లాజరు పడియుండినది ఎక్కడ? ఊరి వెలుపల కాదు, ఆ ఇంటి వాకిటనే. ఆ అయిదుగురును సహోదరుని ఇంటికి విందుకు వచ్చియుందురేని, అతనిని దాటియే లోపలికి పోయియుందురు.

ఈ మాసమున మీ యింట చలిమంటయొద్ద కథలు ముగిసిన తరువాత ఈ పదమూడు వచనములు పిల్లలచేత చదివించుడి. ఆ సహోదరులకు దయ్యము అవసరమాయెనా, వాకిట పడియున్నవాడు చాలడా అని వారినే అడుగుడి.