పోటు, పాటు: కృష్ణా ముఖద్వారమున జలచరముల జీవనము

వేదాద్రి రేవున నిలిచి చూచినచో కృష్ణ ఒకే దిక్కునకు పోవుచుండును. దిగువన మునేరు వచ్చి కలిసినను ఆ దిక్కు మారదు. కాని అచటికి నూరు కిలోమీటర్లకు మించిన దూరమున, దివిసీమలో, ఇదే నది దినమునకు రెండుమారులు వెనుకకు మరలును. మాఘ పూర్ణిమకు హంసలదీవి సాగరసంగమ స్నానమునకు పోయిన సభ్యులు దీనిని చూచియే యుందురు. మోకాలిబంటి నీరున్న చోట కొన్ని గంటలలో నడుము వరకు వచ్చును. సముద్రము లోనికి పొంగుట పోటు, తీసిపోవుట పాటు. చంద్రసూర్యుల ఆకర్షణ దీనికి కారణము. అమావాస్యకు, పూర్ణిమకు పోటు హెచ్చు. కెనడా దేశపు ఫండీ అఖాతమున నీరు 16 మీటర్ల వరకు లేచును. మన తీరమున ఇంచుమించు ఒక మీటరు మాత్రమే. ఈ కొద్దిపాటి కదలిక వలన జలచరములకు ఏమి ఒనగూరునో ఇచట వివరింతుము.

ఒక గాజు గ్లాసులో సగము వరకు ఉప్పునీరు పోయుడు. మంచినీటిలో నీలిమందు చుక్క కలిపి, ఆ ఉప్పునీటిపై ఆకు నొకదానిని ఉంచి, దానిమీదుగా మెల్లగా జారవిడువుడు. నీలిరంగు నీరు పైననే నిలుచును. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. చెంచాతో త్రిప్పిన గాని రెండును కలియవు. ఏటినీరు సముద్రమును చేరునపుడు జరుగునదియు ఇదియే. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ మొదలగు నదులు తెచ్చిన నీరు బంగాళాఖాతముపై దుప్పటివలె పరచుకొనును. అందుచేతనే అరేబియా సముద్రముకంటె మన సముద్రమున చేపలకు మేత తక్కువ.

ఆ మేత ఏది? కంటికి కనబడని సూక్ష్మమైన మొక్కలు. వానిని తిను చిన్న ప్రాణులను రొయ్యపిల్లలు, చేపపిల్లలు తినును. ఆ మొక్కలకు ఎండయు కావలెను, ఎరువును కావలెను. ఎండ పైననే యున్నది. కుళ్లిన ఆకులు, మరణించిన ప్రాణుల వలన ఏర్పడు ఎరువు అడుగున నున్నది. రైతులకు ఇంతకుమించి చెప్పనక్కరలేదు. లోతులేని తీరజలములలో అడుగు ఎరువును పైకి తెచ్చు నాగలి పోటుపాటులే. అయితే దున్నుట మితిమీరినచో బురద లేచి వెలుతురు చొరదు. బాగుగా కలిసిన నీరు, కలియక నిలిచిన నీరు ఒరసికొను అంచుననే మేత సమృద్ధిగా నుండును. నురుగు, చెత్త ఒక గీతగా చేరి, పైన పక్షులు ఎగురుచున్నచో జాలరి ఆ అంచును గుర్తించును.

రొయ్యపిల్లల నేర్పు మరింత వింత. ఈది ఏటికెదురు పోవు బలము వానికి లేదు. పోటు వచ్చునపుడు పైకి లేచి నీటితో లోనికి పోవును. పాటు సమయమున అడుగునకు దిగి నిలిచిపోవును. ఈ విధముగా మజిలీలు చేయుచు మడ అడవులను చేరును. మండపీత, పండుగొప్ప పిల్లలకును ఆ అడవులే పెంపుడు ఇల్లు. కృష్ణా, గోదావరి ముఖద్వారములలో పోటునీరు అందని చోట్ల నేల ఉప్పు పేరుకొని బీడువారినది. అటవీశాఖ, స్వామినాథన్ పరిశోధనా సంస్థ కలిసి చేపముల్లు ఆకారమున కాలువలు త్రవ్వించి, పోటునీటిని లోనికి రానిచ్చి, మొక్కలు నాటించిరి. అచట మరల తెల్లమడ పెరిగినది. ఎరువు చల్లలేదు, మందు చల్లలేదు. నీటికి దారి యిచ్చిరి, అంతే.

ఈ పనికి మంచినీరును అవసరమే. 1855లో విజయవాడ ఆనకట్ట, 1957లో ప్రకాశం బ్యారేజీ వెలసెను. 1967లో నాగార్జునసాగరము నీరు పారెను. వాని వలన మన పొలములు పండినవి. ఆ మేలు కాదనరాదు. కాని వేసవిలో బ్యారేజీ దిగువకు వచ్చు నీరు స్వల్పము. అప్పుడు ఉప్పునీరు పాయలవెంట లోపలికి చొరబడును. నీలకంఠ రొయ్య మంచినీట పెరుగును గాని, దాని పిల్లలు మొదటి దినములలో ఉప్పుకలిసిన నీటనే బ్రతుకును. కొంత ఎదిగిన పిదప అవి ఎగువకు తిరుగు ప్రయాణము సాగించును. కృష్ణలో ఆ ప్రయాణమునకు బ్యారేజీ అడ్డము.

ఎగువ గ్రామములవారికి దీనితో నేమి పని యని కొందరు అడుగుదురు. మునేటిలో పడిన వస్తువు వరదతో సముద్రము పాలగునని తలచుట పొరపాటు. ముఖద్వారమును చేరినది ఒక్కసారిగా బయటికి పోదు. పాటుతో పోయి, పోటుతో మరలి, దినముల తరబడి ఊగిసలాడి, చాలవరకు మడ అడవుల బురదలోనే దిగును. రొయ్యపిల్లలు మేయునది ఆ బురదలోనే. పత్తికి, మిరపకు కొట్టిన మందు డబ్బాలను ఏటి ఇసుకలో పారవేయుట, ఊరిచెత్తను గట్టున పోయుట మేము పలుచోట్ల చూచితిమి. చెత్తకు స్థలము ఏర్పరచుట పంచాయతీ చేతిలోని పని. వరదనీరు తాకని మెరకను అందుకు ఎన్నుకొని, తొలకరికి ముందే గట్టు ఖాళీ చేయింపవలెను. ఆషాఢమున మునేరు పొంగినపిమ్మట తీయుటకు అచట ఏమియు మిగులదు.