ఒక్క ఆదివారంలో పాత ఊరు

ప్రశ్న: ఆఫీసు పనిమీద షాంఘై వెళ్తున్నాను. ఒక్క ఆదివారమే ఖాళీ. కాలువల ఊరు ఝుజియాజియావో చూసి రావచ్చా?

జవాబు: నిక్షేపంగా. హోంగ్‌చియావో రైల్వేస్టేషన్‌లో 17వ లైను మెట్రో ఎక్కితే గంటలోపే దిగుతారు. అక్కణ్నుంచి నడకే. కాకపోతే ఆదివారం కాబట్టి పొద్దున్నే బయల్దేరండి. మధ్యాహ్నానికి ఆ ఇరుకు సందుల్లో జనం కిటకిటలాడతారు.

ముందు ఫాంగ్‌షెంగ్ వంతెన ఎక్కండి. 1571లో కట్టి, 1812లో పునర్నిర్మించిన అయిదు కమానుల రాతి వంతెన. పుణ్యం కోసం చిన్న చేపల్ని కొని నీళ్లలో వదిలే ఆచారం ఇక్కడిది. పడవ షికారు మీ ఇష్టం, నా ఓటు నడకకే.

ఆకులో చుట్టి ఉడికించిన బియ్యప్పొట్లాలు నోరూరిస్తాయి. శాకాహారులైతే అడిగి కొనండి, చాలావాటిలో పంది మాంసం ఉంటుంది. డబ్బు చెల్లించడానికి ఫోన్‌లో అలీపే యాప్ ముందే పెట్టుకోండి.