ఆవకాయ ఎవరికి కావాలి?

గోదావరి జిల్లాలో ఒక పల్లె. అక్కడ పది మంది ఆడవాళ్లు కలిసి పొదుపు సంఘం పెట్టుకున్నారు. కిందటేడు వేసవిలో 9,000 రూపాయలు అప్పు తీసుకుని ఆవకాయ పెట్టారు. కొత్తపల్లి కొబ్బరి కాయ తెచ్చారు. ఆవపిండి ఇంట్లోనే కొట్టారు. వెల్లుల్లి దండిగా వేశారు. మంచి నువ్వుల నూనె పోశారు. కిలో సీసాల్లో నింపితే 40 సీసాలు అయ్యాయి.

సంఘం లీడరు కోడలు పదో తరగతి చదివింది. సీసాల ఫొటో తీసి ఫోనులో పెట్టింది. చాలామంది బాగుందని బొటనవేలు బొమ్మ పెట్టారు. అందరూ సంబరపడ్డారు. కానీ బొమ్మ పెట్టినవాళ్లు డబ్బు పెట్టలేదు. దసరా నాటికి 11 సీసాలే అమ్ముడుపోయాయి. అప్పు వాయిదా మాత్రం ఆగదు కదా! కూలి డబ్బుల్లోంచి కట్టారు. ఒకామె చెవి కమ్మలు తాకట్టు పెట్టింది.

మళ్లీ మామిడికాయల కాలం వచ్చింది. సంఘం కూర్చుంది.

"ఈ ఏడు నా వల్ల కాదు. కమ్మలింకా విడిపించుకోలేదు" అంది ఆమె.

"మన ఆవకాయలో లోపం ఏముంది? అడిగినవాళ్లంతా కొంటామన్నారుగా" అంది లీడరు.

"అత్తయ్యా, మనం అడిగిన తీరే తప్పు" అంది కోడలు. "మా ఆవకాయ కొంటారా అని అడిగితే మొహమాటానికి ఎవరైనా కొంటామనే అంటారు. ముందు వాళ్లు కొంటున్నది ఏమిటో అడగాలి."

లీడరు అన్న కొడుకు బెంగుళూరులో ఉద్యోగం. కిందటేడు అతనూ కొంటానన్నాడు, కొనలేదు. లీడరు అప్పుడే ఫోను చేసింది.

"ఏరా, కిందటి నెల పచ్చడి ఎక్కడ కొన్నావు? ఎంత పెట్టావు? అయిపోయిందా?"

"వీధి చివర కొట్లో చిన్న డబ్బా కొన్నానత్తా. గదిలో ఐదుగురం. ఫ్రిజ్ లేదు. కిలో సీసా తెస్తే ఎవరో ఒకరు తడి చెంచా పెడతారు. బూజు పడుతుంది. పైగా ఇద్దరు వెల్లుల్లి తినరు."

కిలో సీసాలు ఎందుకు మిగిలాయో అప్పటికి తెలిసింది.

తరవాత కోడలు ఫోనులో ఆన్‌లైన్ దుకాణం తెరిచింది. వెతికే గడిలో ఆవకాయ అని కొట్టింది. దాని కింద వెల్లుల్లి లేని ఆవకాయ అని కూడా వచ్చింది. అంతకు ముందు చాలామంది ఏం వెతికారో ఆ మాటల్లో కొంత తెలుస్తుంది.

సరుకు కొన్నవాళ్లు తమ అభిప్రాయం రాస్తారు. దాన్ని రివ్యూ అంటారు. ఐదు నక్షత్రాలు ఇచ్చి పొగిడినవన్నీ నమ్మడానికి లేదు. డబ్బిచ్చి రాయించుకునే వ్యాపారులూ ఉన్నారు. ఇలాంటి మోసం ఆపాలని 2022లో భారత ప్రమాణాల సంస్థ రివ్యూలకు నియమాలు తయారుచేసింది. అందుకే కోడలు ఒక్క నక్షత్రం ఇచ్చి తిట్టినవి ముందు చదివింది. తెలుగులో ఉన్నవాటిని ఆడవాళ్లే కూడబలుక్కుని చదివారు. ఒక్కో ఫిర్యాదుకు నోటుపుస్తకంలో ఒక్కో గీత గీశారు. దారిలో నూనె కారిపోయిందన్న మాటకు అన్నిటికన్నా ఎక్కువ గీతలు పడ్డాయి. ఉప్పు ఎక్కువైందన్నవి, ముక్క మెత్తబడిందన్నవి ఆ తరవాత. వెల్లుల్లి లేనిది కావాలంటే ఉన్నది పంపారన్నవీ ఉన్నాయి. ఎవరో ఒకాయన సీసా రంగు బాగాలేదని రాశాడు. దానికి ఒక్క గీతే. దాన్ని వదిలేశారు.

"వెల్లుల్లి లేకపోతే అదేం ఆవకాయ?" అంది లీడరు.

సంఘంలో అందరికన్నా పెద్దది మామ్మ. "నువ్వు తినడానికా, అమ్మడానికా?" అంది.

ఈసారి 2 కిలోలే పెట్టారు. 250 గ్రాముల సీసాలు 8 అయ్యాయి. నాలుగింట్లో వెల్లుల్లి వేశారు, నాలుగింట్లో వేయలేదు. మూత కింద సీలు వేయించారు. అమ్మే తిండి సరుకుకు ఆహార భద్రత రిజిస్ట్రేషన్ ఉండాలి. అది చేయించి, ఆ 14 అంకెల నంబరు, బరువు, ధర, తయారైన తేదీ సీసా మీద అంటించారు.

చుట్టాలకు అమ్మలేదు. ఊరికే ఎవరికీ ఇవ్వలేదు. ఊరికే ఇస్తే ఎవరైనా బాగుందనే అంటారు. బెంగుళూరులో, హైదరాబాదులో ముక్కూమొహం తెలియని ఎనిమిది మందికి అమ్మారు. సీసా 120 రూపాయలు. కొరియర్ ఖర్చు కొన్నవాళ్లదే. డబ్బు ఫోనులోనే వచ్చింది. తొమ్మిదోవాడొకడు, "డబ్బు పంపుతున్నా, మీ పిన్ నంబరు కొట్టండి" అన్నాడు. కోడలు ఫోను పెట్టేసింది. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొడితే మన డబ్బే పోతుంది.

వెల్లుల్లి వేసిన సీసా ఒకటి దారిలో కారింది. ఆ మనిషి డబ్బు తిరిగి ఇచ్చేశారు. నెల తిరిగేసరికి ఐదుగురు మళ్లీ కావాలన్నారు. అందులో నలుగురు వెల్లుల్లి లేనిది కొన్నవాళ్లే.

లీడరు పలక తీసుకుని లెక్క వేసింది. సరుకులకు 420. సీసాలకు 96. కాగితాలకు 24. మొత్తం 540 రూపాయలు ఖర్చు. వచ్చింది 960. తిరిగి ఇచ్చిన 120 పోతే 840.

"మూడు వందలు లాభం!" అంది.

"పని చేసిన ఇద్దరి కూలి ఏదీ?" అంది మామ్మ. "పూటకు 150 చొప్పున వెయ్యి."

వేశారు. మిగిలింది సున్నా.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత కోడలు ఫోను తీసింది. 140 అయితే కొంటారా అని ఆ ఐదుగురినీ అడగలేదు. ఈసారి సీసా 140 రూపాయలు, ముందుగా డబ్బు పంపిన వాళ్లకే పెడతాం అని రాసి పంపింది.

సాయంత్రానికి నలుగురు డబ్బు పంపారు.