కోరనివారికి లింగమేల?

ఏకాంత రామయ్య కథను వీరశైవుల యిండ్లలో గర్వముతో చెప్పుకొందురు. అబ్బలూరులో జైనులతో పందెమొడ్డి, తన శిరస్సును ఖండించుకొని, శివానుగ్రహమున మరల పొందెనట. అంతవరకు ఆయన పణముగా పెట్టినది తన ప్రాణమే, పరులది కాదు. పిదప, ఓడినవారు మాట తప్పిరని జినబింబమును భగ్నము చేసెనని అబ్బలూరు శాసనము చెప్పుచున్నది. తప్పు వారిదే యనుకొందము. విరిగిన బింబమును చూచి భక్తుడైనవా డొక్కడైన నుండునా?

దీక్షలో గురువు ఇష్టలింగమును శిష్యుని కరస్థలమున నుంచును. చేయి చాపవలసినది శిష్యుడే. అన్యసంప్రదాయమునుండి వచ్చిన కోడలి విషయమున పెద్దలు తొందరపడుట కలదు. ఏకదేవోపాసన లింగధారుల వ్రతము; ఆమె యింకను ఆ వ్రతము పట్టలేదు. ఆమె కోరువరకు పుట్టినింటి దేవుని పటము ఆ యింట నుండవచ్చును.