ఒకే కంప్యూటరు - ముగ్గురి తాళాలు

చెరుకుపల్లిలో ఒక ఇల్లు ఉందనుకుందాం. ఆ ఇంట్లో ఒకే కంప్యూటరు. పొద్దున్నే నాన్న అందులో ఎరువుల కొట్టు లెక్కలు రాసుకుంటారు, బ్యాంకు జమలు చూసుకుంటారు. తెనాలిలో డిగ్రీ చదివే అక్క ఇంటికి వచ్చాక తన ప్రాజెక్టు రాసుకుంటుంది. చీకటిపడ్డాక తొమ్మిదో తరగతి తమ్ముడి వంతు. ముగ్గురికీ పాస్‌వర్డు ఒక్కటే: ఊరిపేరు, పక్కన 123. మరచిపోకుండా దాన్ని కాగితంమీద రాసి తెర అంచున అంటించారు కూడా!

ఒకనాడు తమ్ముడు ఉచితంగా దొరికిందని ఒక ఆటను దింపుకున్నాడు. ఆ ఆటలో దొంగ ప్రోగ్రాము దాగి ఉందనుకోండి. నష్టం ఎవరికి? నాన్న లెక్కలకూ, అక్క మూడు నెలల శ్రమకూ కూడా! ఎందుకంటే మనకు ఆ ఇంట్లో ముగ్గురు కనిపిస్తున్నారు గాని, కంప్యూటరుకు కనిపించేది ఒక్కరే.

ఈ చిక్కు పాతదే. అసలు కంప్యూటరులోకి పాస్‌వర్డు వచ్చిందే దీన్ని విడదీయటానికి.

పాస్‌వర్డు ఎలా పుట్టింది?

1960 ప్రాంతంలో కంప్యూటరు ఒక గదినిండా ఉండేది. మనిషికొకటి ఎక్కడినుంచి వస్తుంది? అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కోర్బటో, ఆయన సహచరులు ఒకే కంప్యూటరును అనేకమంది ఏకకాలంలో వాడుకునే పద్ధతిని తయారుచేసి, 1961లో ప్రదర్శించారు. ఎవరి ఫైళ్లు వారికే దక్కాలి గదా! అందుకని ఒక్కొక్కరికి ఒక్కో రహస్యపదం పెట్టారు.

అయితే ఆ రహస్యపదాలన్నీ ఒక ఫైలులో ఉన్నవి ఉన్నట్లే రాసి ఉండేవి. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, తనకిచ్చిన కంప్యూటరు సమయం చాలక, ఆ ఫైలునే అచ్చువేయమని కంప్యూటరును కోరాడు. అది అచ్చువేసి ఇచ్చింది! తలుపుకు తాళం వేసి, తాళంచెవిని గుమ్మానికి వేలాడదీసినట్లయింది.

ఇప్పటి కంప్యూటర్లు అలా దాచవు. బియ్యాన్ని మరలో వేస్తే పిండి వస్తుంది. పిండినుంచి గింజలు తిరిగి రావు. అలాగే పాస్‌వర్డును ఒక గణిత ప్రక్రియలో వేసి, వచ్చిన 'పిండి'ని మాత్రమే దాస్తాయి. దీని పేరు 'హాష్'. మీరు మళ్లీ పాస్‌వర్డు కొట్టినపుడు దాన్నీ పిండిచేసి, రెండూ ఒకటేనా అని సరిచూస్తాయి.

మరి దొంగ ఏం చేస్తాడు? ఆ పిండి చేజిక్కితే, తాను ఊహించిన ఒక్కో మాటనూ పిండిచేసి దానితో పోలుస్తాడు.

ఊహించేవారు రెండు రకాలు

మొదటివాడు మనల్ని ఎరుగడు. లెక్కప్రకారం వరుసగా ప్రయత్నిస్తాడు. రెండోవాడు మనల్ని బాగా ఎరుగును. మన పుట్టినరోజు, అమ్మపేరు, ఇష్టమైన ఆటగాడు అన్నీ అతనికి తెలుసు. ఇంటి కంప్యూటరు ముందు కూర్చునే స్నేహితులు, చుట్టాలు ఈ రెండో రకమే!

1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అనే శాస్త్రజ్ఞులు 3,289 పాస్‌వర్డులను పరీక్షించిన వివరాలు ప్రకటించారు. వాటిలో 2,831, అంటే నూటికి 86, మరీ పొట్టివో, నిఘంటువులో దొరికే మాటలో. తేలికగా పట్టుబడే రకమన్నమాట.

"నేను ఇంగ్లీషు 'ఓ'కి బదులు సున్నా, 'ఎల్'కి బదులు ఒకటి పెడతాను" అంటారా? చెరుకుపల్లికి దగ్గరలోనే భట్టిప్రోలు స్తూపం ఉంది. 1892లో అలెగ్జాండర్ రీ తవ్వకాల్లో అక్కడ రాతి ధాతుభరిణెలు బయటపడ్డాయి. వాటిమీది కొన్ని అక్షరాలు మామూలు బ్రాహ్మి లిపికి భిన్నంగా ఉన్నాయి. అయినా తెలిసిన అక్షరాలతో పోల్చుకుంటూ జార్జ్ బ్యూలర్ అనే పండితుడు వాటిని చదివాడు. రెండువేల ఏళ్లకు పైబడిన మార్పులనే మనిషి పోల్చుకోగలిగితే, మీ సున్నాను కంప్యూటరు పోల్చుకోలేదా?

ఇలా చేసి చూడండి

0 నుంచి 9 వరకు అంకెలు పది చీటీలమీద రాసి డబ్బాలో వేయండి. ఒక చీటీ తీసి, అంకె రాసుకొని, చీటీని మళ్లీ డబ్బాలో వేయండి. ఇలా మూడుసార్లు తీస్తే మూడంకెల సంఖ్య వస్తుంది. వెయ్యి పుటల నిఘంటువులో ఆ సంఖ్యగల పుట తెరిచి మొదటి మాట రాసుకోండి. 000 వస్తే వెయ్యో పుట. ఇలా ఆరు మాటలు పోగుచేయండి. నచ్చలేదని ఏ మాటనూ మార్చవద్దు. మీ ఇష్టం చేరితే, మిమ్మల్ని ఎరిగినవారికి దారి దొరుకుతుంది.

ఇక లెక్కవేద్దాం. దొంగ కంప్యూటరు సెకనుకు 100 కోట్ల ఊహలు చేస్తుందనుకుందాం. ఎనిమిది చిన్న ఇంగ్లీషు అక్షరాల కూర్పులు 20,882 కోట్లకు పైగా ఉంటాయి. అన్నీ మూడున్నర నిమిషాల్లో అయిపోతాయి! మన మాటలు ఐదైతే సుమారు పదకొండున్నర రోజులు. ఆరైతే 31 ఏళ్లకు పైగా! ఒక్క మాట చేరిస్తే పని వెయ్యిరెట్లు పెరిగింది, చూశారా?

ఇంట్లో ఏం చేయాలి?

ముగ్గురికీ మూడు యూజర్ అకౌంట్లు, మూడు పాస్‌వర్డులు పెట్టాలి. కొత్త ప్రోగ్రాములు ఎక్కించే అధికారం గల అడ్మినిస్ట్రేటర్ అకౌంటు పెద్దల దగ్గర వేరుగా ఉండాలి. అప్పుడు తమ్ముడి ఆటలోని దొంగ ప్రోగ్రాము నాన్న ఫైళ్లదాకా తేలికగా పోలేదు. లేచి వెళ్లేటపుడు తెరకు తాళం వేయాలి. బ్యాంకు పాస్‌వర్డుకు ఈమెయిలు పాస్‌వర్డు వాడకూడదు. ఫోనుకు వచ్చే ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. కొత్త పాస్‌వర్డు గుర్తుండదని భయమైతే పుస్తకంలో రాసి బీరువాలో దాచండి. బయటి దొంగ కంప్యూటరు మీ బీరువాను తెరవలేదు గదా! ఒకవేళ మోసం జరిగిందా, దాచిపెట్టక వెంటనే పెద్దలకు చెప్పండి. సైబరు మోసాల ఫిర్యాదుకు 1930 నంబరు ఉంది.

"ఇంట్లోవాళ్ల దగ్గర తాళమేమిటి?" అని నాన్న అనవచ్చు. ఒకే బీరువాలో ఎవరి అర వారికి ఉండటంలాంటిదే ఇదీ అని చెప్పండి. తమ్ముడి పొరపాటుకు అక్క చదువు బలికాకుండా ఉంటుంది. ముందుగా ఆ తెర అంచు కాగితాన్ని చింపివేయండి!

ఆలోచించండి

1. నాలుగంకెల పిన్ నంబర్లు మొత్తం ఎన్ని?
2. ఎనిమిది అక్షరాల పాస్‌వర్డుకు మరో రెండు చిన్న ఇంగ్లీషు అక్షరాలు చేరిస్తే కూర్పులు ఎన్నిరెట్లు పెరుగుతాయి?

(జవాబులు: 1. 10,000, 2. 676 రెట్లు)