పేర్లు చెప్పి వాయించమ్మా

మెట్టుగూడ,
సికింద్రాబాద్.

చిరంజీవి బుజ్జమ్మను పెద్దమ్మ దీవించి వ్రాయునది.

లష్కర్ బోనాలు ఈ వారమే అయ్యాయి. మీ అమ్మా నేనూ తెల్లవారుజామునే ఉజ్జయిని మహంకాళి గుడికి వెళ్లాం. అప్పటికే క్యూ బజారు దాకా వచ్చేసింది. మీ అమ్మకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. నీ పేరు మీద కొబ్బరికాయ కొట్టి, అక్కడే కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎందుకో తెలుసా? నువ్వు బ్యాండులో చేరావని.

చెప్పే తీరు అదేనా తల్లీ? వీడియో కాల్‌లో గిటారు చూపించి, వచ్చే నెల బార్‌లో మా షో అని ఒక్క మాట అని పెట్టేస్తే ఇక్కడ దానికి నిద్ర పడుతుందా? ఎమ్మెస్‌కి పంపిన పిల్ల నోట బార్ అనే మాట వినేసరికి అది ఏమేమి ఊహించుకుందో ఆ దేవుడికే తెలియాలి. "అక్కా, నువ్వు రాయి, నీ మాట వింటుంది" అంది. అందుకే రాస్తున్నాను. మానెయ్యమని మాత్రం రాయడం లేదు. నువ్వు పంపిన ముక్క మళ్లీ మళ్లీ విన్నాను. చెయ్యి బాగా తిరుగుతోంది. నాకు సంతోషంగానే ఉంది.

నా దిగులు వేరే. నువ్వున్నది మెంఫిస్‌లో. ఆ ఊళ్లోనే ఉంటూ, ఈ సంగీతం ఎవరి ఇంట పుట్టిందో తెలుసుకోకుండా వాయిస్తావేమోనని.

మీ తాతయ్యది లాలాగూడ వర్క్‌షాపులో ఉద్యోగం. మా క్వార్టర్ల చుట్టూ ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఎక్కువ. డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మన్లు. పొద్దున మన ఇంట్లో త్యాగరాజ కృతులు, సాయంత్రం పక్కింట్లో ఎల్విస్ ప్రెస్లీ. క్రిస్మస్ నెల వస్తే రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సులు. పక్కింటి ఆంటీ ఆ పాటల్లో మాటలు విడమరిచి చెబితే నేను నోటుబుక్కులో తెలుగు అక్షరాలతో రాసుకునేదాన్ని. తాతయ్యకి ఒళ్లు మండేది. ఏమిటా కేకలని రేడియో కట్టేసేవాడు. తర్వాత ఆ కుటుంబాలు ఒక్కొక్కటే ఆస్ట్రేలియాకీ ఇంగ్లండుకీ వెళ్లిపోయాయి. పాటలు నా దగ్గర ఉండిపోయాయి.

ఎల్విస్‌ని వినడం గొప్ప అనుకునేదాన్ని. అది తెల్లవాళ్ల సంగీతమని కూడా అనుకునేదాన్ని. అదే ఆషాఢంలో డప్పులు మోగుతూ మా వీధిలోకి వస్తే కిటికీ మూసి రేడియో గట్టిగా పెట్టేదాన్ని. డప్పు మాదిగవాడలోది కాబట్టి అది గోల. రేడియోలో వచ్చేది సంగీతం. ఆ తేడా నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఇంట్లో పెద్దల మాటల్లోంచి దానంతటదే వచ్చేసింది. నేను అంత ఇష్టంగా విన్న ఆ పాటల్ని కూడా ఒకప్పుడు అలాగే కిటికీలు మూసి తిట్టారని చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిశాక సిగ్గుపడ్డాను. నీకు అంత ఆలస్యం కాకూడదు.

ఇప్పుడు మీ ఊరి సంగతి విను. యూనియన్ అవెన్యూలో ఉన్న సన్ స్టూడియోని సామ్ ఫిలిప్స్ 1950లో తెరిచాడు. మరుసటి ఏడు అక్కడ 'రాకెట్ 88' రికార్డు చేశారు. వాయించింది ఐక్ టర్నర్ బృందం, పాడింది జాకీ బ్రెన్‌స్టన్. అందరూ నల్లజాతి కుర్రాళ్లే. గిటారు ఆంప్లిఫయర్ దెబ్బతింటే లోపల కాగితాలు కుక్కి వాయించారట. ఆ గరగర శబ్దాన్నే తర్వాతి గిటారు వాళ్లు కోరి తెచ్చుకున్నారు. నువ్వు కాలితో పెడల్ నొక్కి తెప్పించేది కూడా ఆ శబ్దమే. మొదటి రాక్ అండ్ రోల్ రికార్డు ఇదేనని చాలామంది అంటారు.

1954 జూలైలో అదే గదిలో ఎల్విస్ 'దట్స్ ఆల్ రైట్' పాడాడు. ఆ పాట ఆర్థర్ క్రుడప్‌ది. మిసిసిపీకి చెందిన నల్లజాతి బ్లూస్ గాయకుడు. ఎల్విస్ రికార్డుని మెంఫిస్ రేడియోలో డ్యూయీ ఫిలిప్స్ వేస్తే ఊరు ఊగిపోయింది. కుర్రాణ్ణి పిలిపించి, ఏ హైస్కూల్లో చదివావని రేడియోలోనే అడిగాడు. ఎందుకంటావు? అప్పటికి అక్కడ తెల్లపిల్లల బళ్లు వేరు, నల్లపిల్లల బళ్లు వేరు. బడి పేరు వింటే చాలు, పాడినవాడి రంగు ఊరంతటికీ తెలిసిపోతుంది. పాట నచ్చింది. అయినా పాడినవాడు ఎవరో తేలితేగానీ మనసు కుదుటపడలేదు. మనం మాత్రం తక్కువ తిన్నామా? ఊరడిగి, ఇంటిపేరడిగి, మీరేమిటోళ్లని అడిగేదాకా మన మనసూ ఆగదు.

క్రుడప్‌కి రావలసిన పాటల డబ్బు న్యాయంగా రాలేదు. పొలం పనులు చేసుకుని బతికి 1974లో పోయాడు. 'హౌండ్ డాగ్' అంటే అందరికీ ఎల్విసే గుర్తొస్తాడు. అతనికన్నా ముందే 1952లో దాన్ని రికార్డు చేసింది నల్లజాతి గాయని బిగ్ మామా థోర్న్‌టన్. ఎల్విస్‌ని దొంగ అని నేననను. ప్రాణం పెట్టి విన్నాడు, క్రుడప్ పేరు తన నోటితో చెప్పాడు. తప్పంతా ఆ సమాజం పెట్టుకున్న కట్టుబాటులో ఉంది. పాట లోపలికి రావచ్చు, పాట కట్టినవాడు రాకూడదు.

అందుకే ఆ రోజుల్లో అంత గొడవ జరిగింది. 1956లో అలబామాలో నల్లజాతి గాయకుడు నాట్ కింగ్ కోల్ పాడుతుంటే కొందరు తెల్లవాళ్లు వేదిక ఎక్కి మీద పడ్డారు. 1957 జనవరిలో ఎడ్ సలివన్ టీవీ షోలో ఎల్విస్‌ని నడుము పైనుంచే చూపించారు. పైకి చెప్పింది సభ్యత. లోపలి భయం నల్లపిల్లలూ తెల్లపిల్లలూ ఒకే పాటకి ఒకే నేల మీద ఆడతారని. అమెరికాలో రాక్ సంగీతం స్థానం ఏమిటని నన్నడిగితే ఇదే చెబుతాను. ఎవరు లోపల ఉండాలి, ఎవరు బయట ఉండాలి అని ఆ దేశం తనతో తాను పడే తగువు అందులో వినిపిస్తుంది.

మీ ఊళ్లోనే మక్‌లెమోర్ అవెన్యూలో స్టాక్స్ మ్యూజియం ఉంది. అక్కడే ఒక పాత సినిమా హాలుని స్టూడియోగా మార్చి, అరవైల్లో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పక్కపక్కన కూర్చుని వాయించారు. బుకర్ టీ అండ్ ది ఎంజీస్ అనే బృందం అక్కడిదే. కలిసి పాట కట్టుకోవడానికి వాళ్లకి దొరికిన కొద్ది చోట్లలో లొరెయిన్ మోటెల్ ఒకటి. నల్లజాతి గాయకుడు విల్సన్ పికెట్, తెల్లజాతి గిటారిస్టు స్టీవ్ క్రాపర్ కలిసి 1965లో ఒక పెద్ద హిట్ పాట రాసింది అక్కడే. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపిందీ ఆ మోటెల్ బాల్కనీలోనే. ఆయన ఆ ఊరు వచ్చింది చెత్త ఎత్తే కార్మికుల సమ్మెకి అండగా. చెత్త లారీలో నలిగి ఇద్దరు పోతే మొదలైన సమ్మె అది. ఇప్పుడు ఆ చోటు మ్యూజియం. మీ షోకి ముందే వెళ్లి చూడు. వాయిదా వెయ్యకు.

ఇంకొక మాట. నల్లవాళ్లుండే పేటల వైపు వెళ్లొద్దని సీనియర్లు వచ్చిన మొదటి వారంలోనే చెప్పారన్నావు. రాత్రిపూట జాగ్రత్తగా ఉండు, ఒంటరిగా తిరగకు, అది ఏ ఊళ్లోనైనా చెప్పే మాటే. కానీ మనిషి రంగు చూసి రోడ్డు దాటే అలవాటు చేసుకున్నావో, నాకు చాలా కోపం వస్తుంది. వాళ్ల పాట వాయిస్తూ వాళ్లని చూసి భయపడటం ఏం న్యాయం? తిడుతున్నాననుకోకు బంగారం. నేను కిటికీ మూసినట్టు నువ్వు మూయకూడదని అంతే.

మన దగ్గర కిటికీలు వాటంతటవే తెరుచుకోలేదు. గద్దర్ ఉండేది మన అల్వాల్ వైపే. 2023 ఆగస్టులో పోయారు. గొంగడి భుజాన వేసుకుని జననాట్యమండలితో ఆయన పాడుతుంటే, డప్పుని గడప బయట నిలబెట్టిన చదువుకున్నవాళ్లు కూడా లేచి నిలబడ్డారు. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం సభలన్నిటా డప్పే ముందుంది. మొన్న బోనాల్లో వీధి మలుపులో నిలబడి తనివితీరా విన్నాను. చెవులతో పాటు గుండెలో మోగింది.

ఆడపిల్లకి గిటారేమిటని మీ బాబాయి అన్నాడట. సిస్టర్ రోసెటా థార్ప్ పేరు చెప్పు. మీ ఊరికి పడమట, నది అవతల, ఆర్కన్సాలో కాటన్ ప్లాంట్ అనే చిన్న ఊళ్లో 1915లో పుట్టింది. చిన్నప్పుడే చర్చిలో గిటారు పట్టింది. ఎల్విస్ రికార్డుకి పదేళ్ల ముందే, 1944లో, ఎలక్ట్రిక్ గిటారుతో భక్తిపాటని ఉరకలెత్తించి రికార్డు చేసింది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెని చేర్చుకున్నది 2018లో. పోయిన 45 ఏళ్లకి. ఎవరి పేరు ముందు రావాలో వాళ్ల పేరు అంత వెనక పడింది చూశావా?

పాట మాటల్ని చివరిదాకా వినడం కూడా నేర్చుకో. 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవానికి నాలుగు లక్షలకి పైగా పిల్లలొచ్చారు. చివరి రోజు పొద్దున జిమీ హెండ్రిక్స్ అమెరికా జాతీయగీతాన్ని గిటారు మీద వాయించాడు. మధ్యలో బాంబులు పడుతున్నట్టు, సైరన్లు మోగుతున్నట్టు తీగల్ని ఏడిపించాడు. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులవి. వాయించినవాడు అంతకుముందు సైన్యంలో పారాట్రూపర్. దేశాన్ని అవమానించాడన్నారు కొందరు. దేశం మీద దుఃఖం లేనివాడు అలా వాయించగలడా? 1984లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 'బోర్న్ ఇన్ ది యూఎస్ఏ'ని చాలామంది జెండా పండగ పాట అనుకున్నారు. అది యుద్ధం నుంచి తిరిగొచ్చి పని దొరకక తిరిగే మనిషి గోడు. పల్లవికి చప్పట్లు కొట్టి చరణం వదిలేస్తే అలాగే అవుతుంది.

ఇక మీ అమ్మ భయాలు. నవ్వకు, అవీ నిజమే. హెండ్రిక్స్, జానిస్ జాప్లిన్ ఇద్దరూ 1970లో, 27 ఏళ్లకే మత్తుకి బలయ్యారు. అది రాక్ కథలో ఒక అందమైన ఘట్టంలా చెప్పేవాళ్లు నీకు దొరుకుతారు. నమ్మకు. ఇద్దరు తల్లుల కడుపుకోత, అంతకన్నా ఏమీ లేదు. నీ గ్లాసు నీ చేతిలోనే ఉంచుకో. చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని వాయించు, పోయిన వినికిడి తిరిగి రాదు. అన్నిటికన్నా ముఖ్యం, నువ్వు ఎఫ్-1 వీసా మీద ఉన్నావు. బార్ వాళ్లు డబ్బు ఇస్తామంటే వెంటనే పుచ్చుకోకు. అది ఉద్యోగం కింద లెక్క కట్టవచ్చు. ముందు యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకి వెళ్లి అడిగి, వాళ్లు చెప్పినట్టు చెయ్యి. పాట కోసం చదువుని పోగొట్టుకోవద్దు తల్లీ. చదువు కోసం పాటనీ పోగొట్టుకోవద్దు.

ఇప్పుడు రాక్ ఎవరు వింటున్నారని నీ రూమ్మేట్ అందన్నావు. నిజమే, 2017లో హిప్‌హాప్, ఆర్ అండ్ బీ కలిసి అమెరికాలో రాక్‌ని దాటేశాయి. దానికి బాధపడకు. నల్లవాళ్ల పేటల పిల్లలే ఈసారి తమ పేర్లతోనే ముందుకొచ్చారు. అదీ విను, నేర్చుకో.

మన సంగీతం అందులో కలపాలని ఉందని రాశావు. కలుపు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ పసివయసులోనే ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద త్యాగరాజ కృతులు వాయిస్తే, ఈ వాయిద్యం కచేరీకి పనికొస్తుందా అని సందేహించిన పెద్దలే తర్వాత చెవులప్పగించారు. ఆయన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి ప్రపంచమంతా వాయించారు. ఎక్కడికెళ్లినా తన గురువుల పద్ధతిని వదల్లేదు. నువ్వూ అలాగే. మీ డ్రమ్మర్‌కి మన తీన్మార్ దెబ్బ నేర్పితే, అది ఎవరి చేతి దెబ్బో కూడా చెప్పు. 'ఇండియన్ బీట్' అని ఊరుకోకు.

చివరగా నేను అడిగేది ఒక్కటే. షో రోజు మైక్ ముందు నిలబడి, ప్రతి పాటకీ ముందు అది ఎవరిదో చెప్పు. ఎల్విస్ పాట అయితే క్రుడప్ పేరు, థోర్న్‌టన్ పేరు. బార్‌లో ఎవరూ వినకపోయినా చెప్పు. నీ నోటికి ఆ అలవాటు పడాలి. వీడియో పంపు. మీ అమ్మ పక్కన కూర్చుని చూస్తాను, ఏ పాట ఎవరిదో దానికి నేను చెబుతాను. ఆదివారం మర్చిపోకుండా ఫోన్ చెయ్యి. ముందు ఏం తిన్నావో చెప్పి, ఆ తర్వాతే బ్యాండు సంగతి ఎత్తు.

వేళకి నిద్రపో. చల్లగా ఉండు, గట్టిగా వాయించు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ