పేరునకు ఊరు చూపువారు: డొమైన్ పేర్లు, నేమ్‌సర్వర్లు

‘చిరునామా’ అను మాట ఉర్దూ, ఫారసీల మీదుగా తెలుగునకు వచ్చి మన ఇంటిమాటయై పోయినది. చిరునామా లేని ఉత్తరము గమ్యము చేరదు. ఇంటర్నెట్టునందును ఇదే న్యాయము; అయితే అక్కడ పేరు వేరు, చిరునామా వేరు. మనము వ్రాయునది పేరు. యంత్రములు ఎరిగినది 192.0.2.10 వంటి అంకెల వరుస. ఫలానా పేరునకు ఫలానా అంకెలు అని చెప్పు సర్వరునకే నేమ్‌సర్వరు అని పేరు. డొమైన్ పేరును రిజిస్టరు చేయించునపుడు నేమ్‌సర్వర్లను ఎట్లు నియమింపవలెనో, అందు ఏమరుపాటు కలిగినచో ఏమగునో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

పూర్వకథ

ఇంటర్నెట్టునకు పూర్వరూపమగు ఆర్పానెట్టులో కంప్యూటర్లు కొలదిగా ఉన్నప్పుడు, వాటి పేర్లు, అంకెలు అన్నియు ఒకే జాబితాలో ఉండెడివి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో ఎలిజబెత్ ఫీన్లర్ నాయకత్వమున ఒక బృందము దానిని నిర్వహించెడిది. కంప్యూటర్లు పెరిగినకొలది ఆ ఒక్క జాబితా మోయరాని భారమైనది. 1983లో పాల్ మొకపెట్రిస్ దీనికి పరిష్కారముగా డొమైన్ నేమ్ సిస్టము అను ఏర్పాటును ప్రతిపాదించెను. జాబితాను ఒక్కచోట ఉంచక, ఎవరి భాగమును వారే చూచుకొనునట్లు పంచివేయుట ఇందలి కీలకము. 1987లో సవరించి ప్రకటించిన నియమములే నేటికిని దీనికి పునాది.

వెదకు విధము

ఉదాహరణకు ‘ఎగ్జాంపుల్.కామ్’ అను పేరును తీసికొందము. బోధన నిమిత్తమై ప్రత్యేకించి ఉంచిన పేరిది. మన కంప్యూటరు పక్షమున వెదకు సర్వరు మొదట మూల సర్వరును అడుగును. మూల సర్వర్లకు 13 పేర్లు కలవు. వాటి ప్రతిరూపములు మాత్రము ప్రపంచమంతట వేయికి మించి ఉన్నవి. మూల సర్వరు ఇల్లు చూపదు. ‘కామ్ సంగతి తెలిసినవారు అక్కడ ఉన్నారు, వారిని అడుగుము’ అని మాత్రము చెప్పును. ఆ కామ్ సర్వరును ఇల్లు చూపదు. ఆ పేరునకు నియమింపబడిన నేమ్‌సర్వర్ల పేర్లు చెప్పి పంపును. తుదకు ఆ నేమ్‌సర్వరే అసలు అంకెలను ఇచ్చును. కొత్త ఊరిలో కూడలి వద్ద వాడను, వాడలో వీధిని, వీధిలో ఇంటిని అడిగి తెలిసికొనునట్లే ఇదియును. వీధిలోనివాడు తప్పు చెప్పినచో, అంతవరకు నడిచినదంతయు వృథాయే గదా!

రిజిస్ట్రేషనులో నేమ్‌సర్వర్లు

పేర్ల మూలపట్టికను ఉంచునది రిజిస్ట్రీ. మనకు పేరు ఇప్పించువాడు రిజిస్ట్రారు. మన దేశపు ‘.ఇన్’ పేర్ల రిజిస్ట్రీని నిక్సీ అను సంస్థ నిర్వహించుచున్నది. విద్యాసంస్థలకు చెందిన ‘.ఎసి.ఇన్’ పేర్లను ఎర్నెట్ ఇండియా ఇచ్చుచున్నది. నేమ్‌సర్వర్లను నియమించుటయనగా, రిజిస్ట్రారు ద్వారా వాటి పేర్లను మూలపట్టికలో వ్రాయించుటయే. ఇందు గమనింపవలసినవి నాలుగు.

మొదటిది: నేమ్‌సర్వర్లు రెండైనను ఉండవలెను; అవి వేరువేరు నెట్‌వర్కులలో ఉండవలెను. 2001 జనవరిలో మైక్రోసాఫ్ట్ సంస్థ నేమ్‌సర్వర్లన్నియు ఒకే నెట్‌వర్కు భాగమున ఉండుటచేత, ఒక రూటరు అమరికలో జరిగిన పొరపాటునకు ఆ సంస్థ వెబ్‌సైట్లు దాదాపు ఒక దినము అందకుండెను.

రెండవది: పట్టికలో పేరు వ్రాయించుటకు ముందే ఆ నేమ్‌సర్వరులో మన వివరములన్నియు సిద్ధముగా ఉండవలెను. వెబ్‌సైటు చిరునామాతోపాటు ఈమెయిలు ఎక్కడికి చేరవలెనో తెలుపు పంక్తియు అందుండవలెను. పలువురు మరచునది దీనినే.

మూడవది: నేమ్‌సర్వరు పేరు మన డొమైనులోనిదే అయినచో, ఉదాహరణకు ‘ఎన్‌ఎస్1.ఎగ్జాంపుల్.కామ్’ అయినచో, చిక్కు వచ్చును. ఇల్లు తెలియుటకు అతనిని అడుగవలెను. అతడున్నది ఆ ఇంటిలోనే! అందుచేత అట్టి సర్వరు అంకెలను కూడ పై పట్టికలోనే వ్రాయింతురు. దీనిని గ్లూ రికార్డు అందురు.

నాలుగవది: ఒకసారి విన్న జవాబును వెదకు సర్వర్లు కొంతకాలము జ్ఞాపకముంచుకొనును. కామ్ పట్టికలో నేమ్‌సర్వర్ల వివరమునకు ఆ గడువు 172800 సెకండ్లు, అనగా రెండు దినములు. కావున నేమ్‌సర్వర్లను మార్చునపుడు క్రొత్తవానిని ముందే సిద్ధపరచి, పట్టికలోని పంక్తులన్నిటిని మార్చి, పాతవానిని కనీసము రెండు మూడు దినములు నడువనీయవలెను. డొమైనునకు డిఎన్‌ఎస్‌సెక్ అను సంతకపు రక్షణ ఉన్నచో, దాని గుర్తును కూడ సరిచూడవలెను.

మాకు కలిగిన అనుభవము

కొంతకాలము క్రిందట మన కళాశాల వెబ్‌సైటును ఒక గుత్తేదారు నుండి వేరొకరికి మార్చితిమి. పట్టికలో రెండు పంక్తులుండగా ఒకటే మారినది. రెండవది పాత నేమ్‌సర్వరు పేరుతోనే నిలిచినది. దానిచేత కొందరికి క్రొత్త పుట, కొందరికి పాత పుట కనబడసాగెను. ఉపకారవేతనపు దరఖాస్తుల గడువును ముందుకు జరిపిన ప్రకటన క్రొత్త పుటలో మాత్రమే ఉన్నది. పాత పుటను చూచిన ఒక విద్యార్థిని, తండ్రిగారితో కూడ రెండు బస్సులు మారి, గడువు దాటిన మరునాడు కార్యాలయమునకు వచ్చినది. ‘సార్, నేను చూచిన తేదీ ఇదే’ అని ఫోనులో చూపినది. ఆమె చూపినది అసత్యము కాదు. ప్రిన్సిపాల్ గారు పైవారితో మాటలాడి దరఖాస్తును స్వీకరింపజేసిరి గాని, రాకయే ఊరకున్నవారు ఎందరో మాకు తెలియదు. సవరింపబోగా, డొమైను ఖాతా పాత గుత్తేదారు స్వంత ఈమెయిలు పేర ఉన్నట్లు బయటపడినది. ఒక్క పంక్తి మార్చుటకు పదకొండు దినములు పట్టినది.

మన రెండు భాషలు

2011లో ‘.భారత్’ అను కొస తెలుగులిపిలోను, ఉర్దూలిపిలోను కూడ మూలపట్టికకు ఎక్కినది. మన పేరును మన లిపిలో వ్రాయవచ్చును. అయితే నేమ్‌సర్వర్లకు పంపునపుడు ఆ అక్షరములు ‘ఎక్స్ఎన్’ అను గుర్తుతో మొదలగు రోమను అక్షరముల వరుసగా మారును. ఏ లిపియైనను నేమ్‌సర్వర్ల నియమము ఒక్కటే.

విన్నపము

విద్యార్థులారా! కంప్యూటరు ప్రయోగశాలలో ‘ఎన్‌ఎస్‌లుకప్’ అను ఆజ్ఞతో ఏ పేరునకు ఏ నేమ్‌సర్వర్లున్నవో మీరే చూడవచ్చును. కళాశాల పేరుతోనే మొదలిడుడు. పాలకవర్గము వారికి మా మనవి ఇది: డొమైను ఖాతా కళాశాల పేరనే ఉండవలెను, దాని వివరములు ఇద్దరు బాధ్యులకు తెలిసియుండవలెను, పునరుద్ధరణ తేదీ, నేమ్‌సర్వర్ల పేర్లు కార్యాలయపు రిజిస్టరులో వ్రాసియుంచవలెను. భవనపు దస్తావేజులను ఎవరి ఇంటనో ఉంచము గదా! దూరపు ఊరి విద్యార్థి మొదట తట్టునది ఈ తలుపునే. అది సరియైన ఇంటికే తెరచుకొనునట్లు చూచుట మన విధి.